పునుగుపిల్లి చదవని దెయ్యాల నవల

ఒక పెద్ద అడవిలో పుస్తకాలు చదివే అలవాటు బాగా ముదిరింది. గ్రంథాలయం ఉంది, దానికో సలహా సంఘం ఉంది, ఆ సంఘానికి పరిమళరావు అనే పునుగుపిల్లి అధ్యక్షుడుగా ఉండేవాడు.

పరిమళరావు బాగుందన్న పుస్తకం కోసం అడవంతా ఎగబడేది. ఆయన మాత్రం పుస్తకం చదివి చాలా కాలమైంది. ముందు అట్ట చూసేవాడు, వెనక అట్ట చూసేవాడు, ఒకసారి వాసన పీల్చేవాడు. "ఈ రచనలో మట్టివాసన ఉంది" అని రాసేవాడు. అడవిలో మట్టివాసన లేని పుస్తకం ఉండదు కనక ఆ మాట ఎన్నడూ తప్పు కాలేదు.

ఆ ఏడు వానలు తగ్గి శరత్తు వచ్చింది. సాయంత్రాలు చల్లబడ్డాయి. పొద్దు వాలితే దుప్పులూ, అడవిపందులూ ఉప్పునేల దగ్గర చేరి, ఉప్పు నాకుతూ కబుర్లాడుకునేవి. మొదట్లో గడ్డి గురించి మాట్లాడుకున్నాయి. తర్వాత కనబడకుండా పోయిన పిల్లల గురించి. ఆ తర్వాత పులిరాజుగారి పొట్ట గురించి.

ఈ మూడో సంగతి కొలువుకి చేరింది. రాజుగారి కార్యదర్శి దుమ్ములగొండి వెంటనే గ్రంథాలయానికి వచ్చాడు.

"పరిమళరావుగారూ, ఈ శరత్తులో జనానికి ఏం చదవమని చెబుతున్నారు?"

"ప్రకృతి కవిత్వం అనుకుంటున్నానండీ. వెన్నెల, పూలు..."

"వెన్నెలంటే మళ్ళీ బయటికొస్తారు. ఇంట్లోంచి కదలనివ్వనివి కావాలి. దెయ్యాలు, హత్యలు, అలాంటివి. ఉప్పునేల పేరెత్తితే వెన్నులో వణుకు పుట్టాలి."

"అంటే పాఠకుల అభిరుచిని విస్తృతం చేయాలంటారు."

"దానికి మీరు ఏ పేరైనా పెట్టుకోండి. అరణ్య అకాడమీ అధ్యక్ష పదవి ఖాళీగా ఉంది."

పరిమళరావు తోక లావెక్కింది. ఆ పూటే హారర్ నవలల గుట్ట ముందేసుకున్నాడు. ఒకదాని అట్ట మీద ఉప్పునేల, దాని మీద తెల్లటి నీడ. ఇంకేం కావాలి? లోపలి పేజీ ఒక్కటీ తిప్పకుండా సిఫారసు రాసి, కింద తన పేరు పెట్టేశాడు: "చలి సాయంత్రాల్లో దుప్పటి కప్పుకుని ఒక్క ఊపున చదవాల్సిన నవల. గుండె నిబ్బరం లేనివాళ్ళు పక్కన తోడు పెట్టుకోండి. మట్టివాసన సరేసరి."

నాలుగు రోజుల్లో ఉప్పునేల ఖాళీ అయింది. చీకటి పడకముందే అందరూ పొదల్లో దూరి పుస్తకం తెరిచేవాళ్ళు. దుమ్ములగొండి పొంగిపోయి, తన పనితనం చూపించుకోవడానికి రాజుగారికి కూడా ఒక ప్రతి పంపించాడు.

కొన్నాళ్ళకి రేవతమ్మ అనే దుప్పి పుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది. నిరుడు పిల్లని పోగొట్టుకున్న తల్లి ఆవిడ.

"మంచి పుస్తకం చెప్పారండీ," అంది.

"భయమేసిందా?"

"మొదట వేసింది. ఆ దెయ్యం ఓ పులి నోటపడ్డ లేడిపిల్లే అని తెలిశాక భయం పోయి ఏడుపొచ్చింది. మీరు ఆ భాగం దగ్గర ఏడవలేదూ?"

"కళ్ళు చెమర్చాయమ్మా," అన్నాడు పరిమళరావు.

"అది గుహ వాకిట్లో కూర్చుని పులినే అడుగుతుంది చూశారూ... చదివినవారికి మళ్ళీ చెప్పడమెందుకు లెండి."

ఆవిడ వెళ్ళగానే ఆ పుస్తకం అందుకోబోయాడు. అప్పటికే ఒక అడవిపంది దాన్ని పట్టుకుపోయింది. మిగతా ప్రతులన్నీ పొదల్లో ఉన్నాయి. మర్నాడు రాజుగారి కబురు వచ్చింది.

పులిరాజు గుహలో బాగా లోపలికి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కటెముకలు లెక్కకి అందుతున్నాయి. ముందు ఆ నవల తెరిచి ఉంది.

"ఇందులో దెయ్యం పులిని ఏమడుగుతుందో తెలుసా? 'నా పేరేంటో చెప్పు' అంటుంది. చెప్పలేకపోతే గొంతు మీద కూర్చుంటుంది. నేను తిన్నవాళ్ళలో ఒక్కరి పేరూ నాకు తెలియదు పరిమళరావూ. బయటికి అడుగు పెట్టలేకపోతున్నాను. నిజం చెప్పు, చదివే దీన్ని చదవమన్నావా?"

చదివానంటే రాజద్రోహం. చదవలేదంటే ఇన్నాళ్ళ పరువూ గంగపాలు. పరిమళరావు పరువునే వదులుకున్నాడు.

"చదవలేదు ప్రభూ. ఏదీ చదవను."

"బతికించావు. చదివుంటే ద్రోహివి. చదవలేదు కనక విమర్శకుడివి మాత్రమే."

"పుస్తకాన్ని నిషేధిద్దామా ప్రభూ?" అన్నాడు దుమ్ములగొండి.

"నిషేధిస్తే నేను భయపడ్డానని తెలిసిపోతుంది. ఇవాళ్టి నుంచి అకాడమీ అధ్యక్షుడు ఇతనే. నేను తిన్నవాళ్ళ పేర్లన్నీ కనుక్కొచ్చి నాకు నేర్పించాలి. దెయ్యం అడిగితే ఠక్కున చెప్పేస్తాను."

పరిమళరావు ఉప్పునేల దగ్గరికి వెళ్ళి, దెయ్యం భయం పోయి అక్కడ ఒంటరిగా ఉన్న రేవతమ్మని కలిశాడు. సంకోచిస్తూనే ఆమె బిడ్డ పేరు అడిగాడు. "ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు," అని పేరు చెప్పింది. ఆ మాట విని పొదల్లోంచి ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఒకరు కొడుకు పేరు, ఒకరు చెల్లెలి పేరు. ఏ సాయంత్రానికా సాయంత్రం గుంపు పెరిగింది. ఎవరూ పొద్దు వాలిందని ఇంటికి పరుగెత్తడం లేదు. ఎప్పుడూ లేనంతమంది ఉప్పునేల మీద నిలబడ్డారు. మందలు మందలుగా ఉంటున్న వాళ్ళ మీదికి దూకడం ఇక ఏ పులికీ అయ్యే పని కాదు.

పరిమళరావు విన్న పేర్లన్నీ విన్నట్టే గుహలో అప్పజెప్పేవాడు. పులిరాజు కళ్ళు మూసుకుని వల్లెవేసేవాడు. పాఠం ఎంతకీ తెమిలేది కాదు. ఆకలి మాత్రం ఆగుతుందా?

ఒక సాయంత్రం పులిరాజు మధ్యలో ఆపి, కళ్ళు తెరిచి, అధ్యక్షుణ్ణి తేరిపార చూశాడు.

"ఇంత కష్టపడాల్సిన పనేముంది?" అన్నాడు నెమ్మదిగా. "నీ పేరు నాకు బాగా తెలుసు కదా, పరిమళరావూ."

నీతి: పుస్తకం చదవకుండా సిఫారసు చేయడంలో తప్పేమీ లేదు, కింద మీ పేరు రాయనంతవరకు.