గంట మోగించిన మాట

అమెరికాలోని డబూక్ పట్టణ పదసంపద సంఘం వారు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, తమ సభ్యులలో "బాగుంది" అనే మాట ఈ ఏటితో పూర్తిగా నిర్మూలనమైంది. "మంచి", "చెడ్డ" కిందటేడే పోయాయి.

సంఘం పద్ధతి సులువైనదే. ప్రతి మంగళవారం ఉదయం సభ్యులకు అట్టముక్క మీద ఆనాటి పెద్ద మాట అందుతుంది. దాన్ని బయటి ప్రపంచంలో ఎవరిమీదనైనా ప్రయోగించి, సాయంత్రం గ్రంథాలయం నేలమాళిగలో జరిగే సమావేశంలో నివేదించాలి. ప్రయోగం కుదిరితే అధ్యక్షుడు హోలిస్ ఇత్తడి గంట కొడతాడు. మూడుసార్లు కొడితే పతకం. పుట్టినప్పటినుంచీ ఇంగ్లీషు తప్ప మరో భాష ఎరగనివారిలో తమకు ఇంగ్లీషు రాదన్న దిగులు కలిగించడంలో సంఘం సాధించిన విజయం అపూర్వం.

వెర్నన్ కూల్‌మన్ ఇళ్ళ పైకప్పు సామాను గోదాములో పర్యవేక్షకుడు. నాలుగేళ్ళ సభ్యత్వంలో ఫ్రిజ్ తలుపూ స్నానాలగది అద్దమూ అట్టముక్కలతో నింపాడు. "ఆ మూటలు దించండి" అనడం ఆయన మానేశాక, గోదాములో మూటలు దిగడం మానేశాయి.

ఆదివారం భోజనాల దగ్గర భార్య లోర్నా బంగాళాదుంపల గిన్నె ఇటు జరుపుతూ చెప్పింది:

"మంగళవారం మా చెల్లెలు గ్లెండా కారేసుకుని వస్తోంది. దాంతో వెళ్ళిపోతా. నువ్వు ఉండమంటే ఉంటా. నాకర్థమయ్యేట్టు అను, అంతే."

రెండురోజులూ వెర్నన్ "ఉండు" అనే మాటను సాధన చేశాడు. అనబోయిన ప్రతిసారీ చొక్కా లేకుండా వీధిలో నిలబడ్డట్టు ఉండేది. పెద్ద మాట వెనక ఎంత భయమైనా దాక్కోగలదు. ఆమె వినకపోతే అర్థంకాలేదని సరిపెట్టుకోవచ్చు. "ఉండు" అన్నాక కూడా వెళ్ళిపోతే అన్నవాడికి ఏ నిఘంటువూ దిక్కు కాదు.

మంగళవారం లోర్నా పెట్టెతో వాకిట్లోకి వచ్చింది. వెర్నన్ నోరు తెరిచాడు. మాట పళ్ళదాకా వచ్చింది. అంతలో చెవిలో ఎక్కడో ఇత్తడి గంట మోగింది.

"తావక నిష్క్రమణోద్యమం మదీయాంతరంగమున అనిర్వచనీయ విషాదమును ఆవహింపజేయుచున్నది" అన్నాడు.

కారులోంచి గ్లెండా తల బయటపెట్టింది. "ఏంటే, ఉండమంటున్నాడా, పొమ్మంటున్నాడా?"

"నాకూ తెలీలేదే" అంది లోర్నా. పెట్టె కింద పెట్టి ఇటు తిరిగింది. "వెర్న్, చిన్న మాటైనా సరే."

వెర్నన్ అంతకంటే పొడుగైన మాట చెప్పాడు. కారు కదిలింది.

ఆ సాయంత్రం సంఘంలో ఆయన జరిగినది జరిగినట్టు నివేదించాడు. గంట మూడుసార్లు మోగింది. హోలిస్ లేచి, "నిజజీవితపు తీవ్ర ఒత్తిడిలో సైతం సామాన్య పదమునకు లొంగని ఈ సోదరుని నిగ్రహము భావితరాలకు ఆదర్శము" అని పతకం తగిలించాడు. సభ్యులు నిలబడి చప్పట్లు కొట్టారు. ఇద్దరు కళ్ళు తుడుచుకుని, తుడుచుకోవడానికి తగిన మాట వెతుక్కున్నారు.

ఇంటికొచ్చేసరికి వంటగది బల్లమీద మూతపెట్టిన గిన్నె ఉంది. దానిమీద లోర్నా చీటీ: "ఓవెన్‌లో పెట్టు. ఇరవై నిమిషాలు. తిను." పతకం తియ్యకుండానే వెర్నన్ ఆ చీటీని నాలుగుసార్లు చదివాడు. ఎక్కడా నిఘంటువు అవసరం పడలేదు.

ఇంతకీ ఆనాటి అట్టముక్క మీది ఇంగ్లీషు మాట ఏమిటని మీరు అడగబోతున్నారు. నాకు తెలుసు. రాసుకోడానికి తీసిన ఆ పెన్సిలు పక్కన పెట్టి, ముందు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారేమో చూసి రండి.