జానెడు ఎడమకు కొట్టే రైఫిల్

శనివారం పొద్దున్నే సెవెరిన్ చవక రైఫిల్ ఒకటి కొనడానికి బయల్దేరాడు. చవకదైతే చాలదు, చెడ్డది కూడా కావాలి. గురి చూసిన చోట తగలని రైఫిల్ ఎక్కడ దొరుకుతుందా అని అతనికి రాత్రంతా నిద్ర లేదు.

కారణం లేకపోలేదు. లిపోవెత్స్ ఊళ్ళో కోడిపుంజు సోదర సంఘం వాళ్ళు ఏటా పెంతెకొస్తు పండుగ మర్నాడు ఎత్తైన స్తంభం మీద చెక్క కోడిపుంజును నిలబెట్టి, సభ్యులంతా తప్పనిసరిగా వంతులవారీగా కాలుస్తారు. ఆఖరి ముక్క ఎవరి తూటాకు రాలితే ఆయనే ఏడాదిపాటు రాజు. రాజంటే మాటలా? సంఘమంతటికీ విందు చేయాలి. మెడలో వెండి కోడిపుంజు వేసుకుని వేసవంతా ఊరేగింపుల్లో నడవాలి. ఊరు వదిలి కదలడానికి లేదు. ఇళ్ళకు కిటికీ అద్దాలు బిగించుకుంటూ బతికే సెవెరిన్ కూడా సంఘ సభ్యుడే, ఈ వేసవిలో భార్య బోగుమిలను సముద్రానికి తీసుకెళ్తానని మాటిచ్చి ఉన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏటా ఇస్తున్న మాటే అది. ఈసారి మాత్రం సముద్రపొడ్డున ఉస్త్క ఊళ్ళో గది కూడా మాట్లాడేశాడు. నిరుడు సంఘం వాళ్ళ రైఫిల్‌తో కాలిస్తే కోడి తోక ఊడిపడింది. ఇంకొక్క ముక్క రాలి ఉంటే రాజైపోయేవాడే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చెమటలు పడతాయి.

పోనీ కావాలని గురి తప్పిద్దామా అంటే, కాల్చే ముందు ఫాదర్ గారి ఎదుట ప్రమాణం చేయాలి, మనసారా గురి చూస్తామని. సెవెరిన్ ప్రమాణం తప్పే మనిషి కాడు. బాగా ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. తను నిజాయితీగానే గురి చూస్తాడు. పాపమేదో రైఫిల్ చేస్తుంది.

పట్నంలో తుపాకుల దుకాణాయన పెద్దమనిషి. చవక రైఫిల్ అనగానే చిన్నబుచ్చకుండా బల్ల నిండా పరిచాడు. అన్నీ చిన్న తూటా వేసి, ఒక్కోసారీ చేత్తో గడియ లాగి మూసి కాల్చేవే.

"దీని కర్ర నాసిరకం, ఒప్పుకుంటాను. కాని గొట్టం బంగారం. యాభై మీటర్ల నుంచి చొక్కా బొత్తాం కొట్టొచ్చు."

సెవెరిన్ దాన్ని పక్కన పెట్టేశాడు. రెండోదానికి కర్ర కూడా లేదు, అంతా ప్లాస్టిక్కే. దీని సంగతి చూద్దామనుకునేలోపు, నిరుడు ఒక స్కూలు పిల్ల దీంతోనే పోటీలో కప్పు గెల్చుకుందని దుకాణాయన చెప్పాడు. మూడోదాని గడియ కిర్రుమంటోంది. సెవెరిన్‌కు ఆశ పుట్టింది. కాసింత నూనె చుక్క వేస్తే చాలు, గురికి ఢోకా లేదన్నాడాయన. ఈ కాలంలో చవక సరుకులో కూడా ఇంత నాణ్యత ఏమిటని సెవెరిన్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

"అసలు మీరు దేన్ని కొడదామనుకుంటున్నారు?"

"దేన్నీ కాదండీ."

దుకాణాయన అతని లైసెన్సు మళ్ళీ అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

చివరికి మూలన దుమ్ము పట్టిన పాత రైఫిల్ ఒకటి కనిపించింది. వెనకాల షెడ్డులో కాల్చి చూస్తే, తూటాలన్నీ గురి చూసిన చోటికి జానెడు ఎడమగా, ఒకే చోట గుంపుగా పడ్డాయి. దుకాణాయన సిగ్గుపడిపోయాడు. గొట్టం మంచిదే, గురి చూసే వెనక సైటు కాస్త పక్కకు జరిగిందంతే, పక్కనున్న మర తిప్పితే సరిపోతుందని చెయ్యి చాచాడు. సెవెరిన్ రైఫిల్‌ను గుండెలకు హత్తుకున్నాడు.

"దాని జోలికి వెళ్ళకండి. ఇలాగే కట్టివ్వండి."

అతను ఇల్లు చేరేలోపే వార్త ఊళ్ళో గుప్పుమంది. సంఘానికి పెద్ద హిపొలిత్. సెవెరిన్ సొంత రైఫిల్ కొన్నాడంటే రాజరికం మీద కన్నేశాడన్నమాటేనని ఆయన కనపడిన వాళ్ళందరికీ చెప్పాడు. ఇక చూడండి. దర్జీ వచ్చి రాజు కోటుకని భుజాలు కొలుచుకుపోయాడు. బ్యాండు మేస్త్రి ఏ పాట వాయించమంటావని అడిగాడు. మాంసం కొట్టాయన విందుకు మంచి పంది పిల్ల చూసి ఉంచానన్నాడు. తనకలాంటి ఉద్దేశం లేదని సెవెరిన్ మొత్తుకున్న కొద్దీ, ఎంత అణకువో అని మెచ్చుకుంటున్నారు. అతను కాలుగాలిన పిల్లిలా గదికీ గడపకూ తిరగసాగాడు.

ఆ సాయంత్రం బోగుమిల కుట్టుమిషను ఆపి అడిగింది. "నిజమేనా? రాజు కావాలని ఉందా నీకు?"

సెవెరిన్ తలుపు మూసి వచ్చి ఆమెకు గుట్టంతా చెప్పేశాడు.

"దాన్ని ఎవరైనా బాగుచేస్తేనో?" అంది బోగుమిల.

"చాలా తేలిక. సైటు పక్కనున్న మరను కుడికి తిప్పడమే. కాని ఎవరు తిప్పుతారు? బీరువా తాళంచెవి కాఫీ డబ్బాలో ఉందని మనిద్దరికే తెలుసు."

ఆమె మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చుంది. మర్నాడు పట్నం వెళ్ళి సముద్రానికని టోపీ ఒకటి కొనుక్కొచ్చింది. ఆకుపచ్చ మఖమలు, పైన ఇంత పొడుగు తెల్లటి ఈక. సముద్రపు గాలికి ఇది నిలుస్తుందా అనుకున్నాడు సెవెరిన్.

పండుగ మర్నాడు కోడిపుంజు రెక్కలు, తోక, కాళ్ళు పెందలాడే రాలిపోయాయి. ఒక్క మేకుకు వేలాడుతూ తలకాయ మాత్రం మిగిలింది. అక్కణ్ణుంచి మొదలైంది చోద్యం. పిచ్చుకను కూడా వదలని హిపొలిత్ తూటా ఎటో మబ్బుల్లోకి పోయింది. తర్వాతి వాడికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. ఆ తర్వాతి వాడి కంట్లో నలక పడింది. అప్పుడు అర్థమైంది సెవెరిన్‌కు. రాజవడానికి ఒక్కడూ సిద్ధంగా లేడు. ప్రమాణం నిలబెట్టుకునేది తనొక్కడే. గర్వంగా ముందుకొచ్చి, రైఫిల్ భుజానికి ఆనించి, కోడి కంటికే సూటిగా గురి పెట్టాడు. జన్మలో అంత నిజాయితీగా గురి చూసి ఉండడు.

తలకాయ ఎగిరి హిపొలిత్ బూట్ల దగ్గర పడింది.

బ్యాండు మోగింది. జనం చప్పట్లు కొట్టారు. సెవెరిన్ రైఫిల్ వంకే చూస్తూ నిలబడిపోయాడు. బోగుమిల వచ్చి, సంచిలోంచి ఈక టోపీ తీసి తల మీద సర్దుకుంది.

"కుట్టుమిషను స్క్రూడ్రైవరు ఆ మరకు సరిగ్గా సరిపోయింది," అంది మెల్లగా.

"మరి సముద్రం?"

"సముద్రం నేనెప్పుడడిగాను? ఏటా నువ్వే అంటావు, సరేనని నేను తలూపుతాను. ఇన్నేళ్ళూ ప్రతి ఊరేగింపులో ఆ హిపొలిత్ పెళ్ళాం గెర్త్రూద వెనకాలే నడిచాను. రాజు పెళ్ళాందే అందరికంటే ముందు నడక గదా, ఒక్కసారైనా అది నా వెనక నడవాలి. ఆ మాట నీతో చెప్పుకోవడానికి సిగ్గేసింది."

ఇరవై ఏళ్ళు కాపురం చేసి, ఈ మనిషికి ఏం కావాలో ఒక్కసారీ అడగలేదే అనిపించి, సెవెరిన్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఇంతలో హిపొలిత్ వచ్చి వెండి కోడిపుంజును అతని మెడలో వేసి, కౌగలించుకుని చెవిలో అన్నాడు. "సోదరా, ఉస్త్కలో గది మాట్లాడుకున్నావట గదా. అదిప్పుడు ఖాళీయేనా? మా ఆవిడ సముద్రం సముద్రమని ప్రాణం తోడేస్తోంది."

ఆ తర్వాత జరిగిన మొదటి ఊరేగింపులో బోగుమిల ఈక టోపీతో అందరికంటే ముందు నడిచింది. ఆమె వెనక నడవాల్సిన గెర్త్రూద ముందురోజే రైలెక్కింది.