దివ్య దగ్గరున్న ఒకే ఒక పాపం

శనివారం పొద్దున ఉగ్గాని తింటూ చౌరప్ప ఒక నిర్ణయానికి వచ్చాడు. మరియమాతను సాయంత్రందాకా ఇంట్లో ఉంచుకోకూడదు. మాత మీద ఆయనకు కోపమేమీ లేదు. ఉన్న భయమంతా జపమాల మీద.

ఆదోనిలో వాళ్ల విచారణలో, అంటే వాళ్ల చర్చి పరిధిలో, అక్టోబర్ నెలంతా మాత స్వరూపం ఇంటింటికీ వెళుతుంది. ఒక సాయంత్రం ఒక ఇంట్లో దిగితే మర్నాటి సాయంత్రందాకా అక్కడే ఉంటుంది. అప్పుడు చుట్టుపక్కల వాళ్లంతా చేరతారు, ఇంటిపెద్ద జపమాల చెప్పిస్తాడు, ఆ తర్వాత కొవ్వొత్తులు పట్టుకుని పాడుకుంటూ మాతను తర్వాతి ఇంటికి సాగనంపుతారు. గడువుకు ముందు మాత ఇల్లు కదిలేది ఒకే ఒక్క సందర్భంలో, ఆ ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే. ఈ సంగతి విచారణలో అందరికీ తెలుసు. చౌరప్పకూ తెలుసు, కాకపోతే ఆ పొద్దున గుర్తు రాలేదు.

మూడేళ్ల కిందట ఆయన వంతు వచ్చింది. మంగళవార్త జపం ఆయనను నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. చిక్కంతా దేవరహస్యాల దగ్గరే. పదేసి జపాలకు ముందు ఒక్కో రహస్యం పేరు చెప్పి, దాని గురించి రెండు ముక్కలు మాట్లాడాలి. చౌరప్ప రెండోది అయ్యాక నాలుగోది అందుకున్నాడు. జనం సరిదిద్దితే మళ్లీ మొదటిది చెప్పాడు. చివరికి జోజప్ప మేస్త్రి లేచి, గోడలు అదిరే గొంతుతో మిగతాది పూర్తి చేశాడు. అప్పటినుంచి ఎవరింట్లో జపమాల అయినా చౌరప్ప వాకిట్లో చెప్పుల పక్కన కూర్చుంటాడు. సొంత ఇంట్లో భార్య ఆరోగ్యమ్మ చెప్పిస్తుంటే వాకిట్లోనే గోడకు ఆనుకుని సగం జపాలు అందుకుంటాడు.

"నాయనా, ఒక్క పాపం ఉంటే సాలునా?" అని అడిగింది కూతురు దివ్య.

నాలుగో తరగతి చదువుతున్న దివ్యకు వచ్చే శనివారం మొదటి పాపసంకీర్తనం. ఫాదర్‌కు చెప్పుకోవలసిన పాపాలు నోటుబుక్కులో రాసుకుని రమ్మని సత్యోపదేశం చెప్పే సిస్టర్ పురమాయించింది. దివ్య పేజీలో ఒకే ఒక వాక్యం ఉంది.

"ఏం పాపం సేసినావమ్మా నువ్వు?"

"అబద్ధం సెప్పినా. ఇంట్లో జపమాల ఎవురు సెప్పిస్తారని సిస్టర్ అడిగె. అందరూ మా నాయన, మా నాయన అనిరి. నేను గూడా దినామూ మా నాయనే అంటి."

ఉగ్గాని చౌరప్ప గొంతుకు అడ్డం పడింది. దివ్య నీళ్ల చెంబు అందించి, తక్కిన సంగతి కూడా చెప్పేసింది. "సాయంత్రం సిస్టర్ కూడా వస్తాది. నువ్వు సెప్పిస్తాంటే వినల్లంట. ఆ, నాయనా, ఇంకో డౌటు. ఈ దినం సంతోష రహస్యాలు గదా. ఐదోదాంట్లో బాలయేసు తప్పిపోతాడు. ఒక దినమంతా నడిసినాక గానీ బిడ్డ లేడని అమ్మకూ నాయనకూ తెలీలేదంట. అదెట్ల? నేను బడి నుంచి పది నిమిషాలు లేటైతే అమ్మ వీధిలోకొచ్చి అరుస్తాది."

"మీ అమ్మనడుగు."

"అమ్మ నిన్నడగమనె."

దివ్య బడికి, ఆరోగ్యమ్మ ఆసుపత్రిలో ఆయా డ్యూటీకి వెళ్లిపోయారు. చౌరప్ప మాత ఎదుట నిలబడి ఆలోచించాడు. సాయంత్రం తను తడబడితే తన పరువు పోతుంది, అది ఎప్పుడో పోయిందే. కానీ బిడ్డ అబద్ధం చెప్పిందని సిస్టర్ ముందు, క్లాసు పిల్లల ముందు తేలిపోతుంది. అది ఆయన తట్టుకోలేడు. జాబితాలో తర్వాతి ఇల్లు జోజప్ప మేస్త్రిదే. మాతను ఇప్పుడే అక్కడికి చేరిస్తే సాయంత్రం జపమాల అక్కడే జరుగుతుంది, మేస్త్రి గోడలు అదరగొడతాడు, దివ్య మాట దివ్య దగ్గరే ఉంటుంది. ఇంత చక్కటి ఉపాయం పొద్దున తొమ్మిదికే తట్టినందుకు మాతకు ఒక దండం కూడా పెట్టాడు.

స్వరూపాన్ని కొత్త దుప్పటిలో చుట్టి, పక్క వీధి మక్బూల్ ఆటోను పిలిచాడు. అంతలో జిన్నింగ్ మిల్లు నుంచి ఫోన్. మోటారు కాలిపోయింది, రీవైండింగ్‌కు ఉన్నపళంగా రావాలన్నారు. చౌరప్పకు అదే పని.

"మక్బూలూ, నువ్వే జోజప్ప మేస్త్రి ఇంట్లో దించి రాప్పా. ఇంట్లో సున్నం ఏస్తాండారు, అందుకని పంపిస్తాండా" అన్నాడు. అబద్ధం అలవాటు లేని మనిషి కాబట్టి మొహం పాలిపోయింది, చేతులు వణికాయి. మక్బూల్ లోపలికి తొంగి చూశాడు. సున్నం లేదు, నిచ్చెన లేదు, కూలీలు లేరు. ఏమీ అనకుండా ఆటో స్టార్ట్ చేశాడు.

మేస్త్రి ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటివాళ్లను అడిగితే ఎమ్మిగనూరులో గోడ పనికి పోయినాడన్నారు. మక్బూల్ ఏం చేయాలో తోచక తన ఇంటికే తీసుకుపోయాడు. వాళ్లమ్మ జొహరాబీ దుప్పటి కొస ఎత్తి చూసి, గబగబా వరండాలో ఎత్తుపీట వేయించింది.

"మన ఇంట్లో బొమ్మలు పెట్టం, అది వేరే మాట. మరియం బీబీ పేరు మీద వచ్చిన అమానత్ రా ఇది. ఎవురి సేతికియ్యమన్నారో వాళ్ల సేతికే ఇయ్యల్ల. తాళమేసిన గడపలో పెట్టి వస్తే నేనూరుకోను."

"మేస్త్రి ఎమ్మిగనూరులో ఉండాడంట అమ్మీ."

"అయితే ఎమ్మిగనూరుకే పో. ఆటో ఉండేది దేనికి?"

మక్బూల్ పోయాడు. వెనక సీట్లో మాతను ఒంటరిగా కూర్చోబెట్టి, దారిలో చెయ్యెత్తిన వాళ్లెవరినీ ఎక్కించుకోలేదు. ఎమ్మిగనూరులో వీధివీధీ అడుగుతూ తిరిగితే మధ్యాహ్నానికి ఆచూకీ దొరికింది. సుంకమ్మ అనే నేతగత్తె ఇంట్లో మగ్గం గదికి గోడ లేపుతున్న జోజప్ప, దుప్పటిలోంచి మాత మొహం కనబడగానే తాపీ కింద పడేశాడు.

"ఈయమ్మ ఈడికెందుకొచ్చె? సాయంత్రందాకా చౌరప్ప ఇంట్లో గదా ఉండల్ల!"

"ఆయప్పే పంపించినాడు. సున్నం ఏస్తాండారంట. నేను సూస్తే సున్నమూ లేదు, ఏమీ లేదు. మొగం పాలిపోయి ఉండె, సేతులు వణుకుతాండె."

"సున్నం పనుంటే నాకు సెప్పకుండా ఏస్తాడా?" అని జోజప్ప నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. చౌరప్పకు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ మిల్లులో గోడకు ఛార్జింగ్‌లో ఉంది, యంత్రాల చప్పుడులో మోగి మోగి ఊరుకుంది. ఆరోగ్యమ్మకు చేశాడు. డ్యూటీలో ఆమె ఫోన్ బీరువాలో పెట్టాలి. ఇద్దరూ ఎత్తలేదు. గడువుకు ముందే మాత కదిలింది, మనిషి మొహం పాలిపోయింది, చేతులు వణికాయి. గోడ కట్టేవాడు కాబట్టి జోజప్ప ఒక రాయి మీద ఇంకో రాయి పేర్చుకుంటూ పోయాడు.

"గుండెపోటే అయ్యుంటాది. పోయినాడప్పా మన చౌరప్ప" అన్నాడు. అప్పటికే కన్నీళ్లు వచ్చేశాయి. వెంటనే ఫాదర్‌కు, సిస్టర్‌కు, షామియానా వాళ్లకు, ఇంకో పదిమందికి చెప్పేశాడు. మాతతో సహా మక్బూల్ ఆటోలో ఆదోనికి బయలుదేరాడు.

చౌరప్ప మిల్లు పని ముగించేసరికి ఒంటిగంట అయింది. హడావిడిలో ఫోన్ గోడకే వదిలేశాడు. మాత క్షేమంగా దిగిందో లేదో చూద్దామని మేస్త్రి ఇంటికి వెళితే తాళం కనబడింది. మక్బూల్ ఇంటికి పరుగెత్తాడు.

"ఎత్తుపీటేసి కూసోబెట్టి, పక్కన ఎవురినీ ఎక్కించుకోవద్దని సెప్పి ఎమ్మిగనూరు పంపించినా కదా బేటా. అమానత్" అంది జొహరాబీ, తను చేసిన మంచి పనికి మురిసిపోతూ.

చౌరప్ప మోటారు సైకిల్ మీద ఎమ్మిగనూరు దారి పట్టాడు. దారి పొడవునా మాతతో మాట్లాడుతూనే ఉన్నాడు, అలా ఎప్పుడూ మాట్లాడి ఎరగడు. నిన్ను ఇంట్లోంచి పంపించేసినా తల్లీ, నువ్వు యాడున్నావో ఏమో, దొరుకు చాలు, ఇంకెప్పుడూ పంపను అని మొక్కుకున్నాడు. సగం దారిలో ఒక ఆటో ఎదురుగా వచ్చింది. అందులో ఎవరో గట్టిగా ఏడుస్తున్నారు. పాపం ఎవరింట్లో చావో అనుకుని చౌరప్ప శిలువ గుర్తు వేసుకుని ముందుకు పోయాడు.

సుంకమ్మ మగ్గం మీదే ఉంది.

"మేస్త్రి యాడమ్మా?"

"ఇబ్బుడే ఆదోనికి పాయె. ఎవరో చౌరప్పంట, పాపం, పొద్దున గుండెపోటుతో పోయినాడంట. మంచోడంట. నీకేమయితాడప్పా?"

చౌరప్ప తన గుండె మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. "నేనేనమ్మా చౌరప్ప" అన్నాడు.

సుంకమ్మ చేతిలోని మగ్గం నాడె కింద పెట్టి ఆయనను కాళ్ల నుంచి తలదాకా చూసింది. తర్వాత తన ఫోన్ తీసి ఇచ్చింది, ఇంటికి చెప్పుకోమని. చౌరప్పకు ఆరోగ్యమ్మ నంబరు నోటికి రాదు, అదీ దేవరహస్యాల్లాగే. ఫోన్ తిరిగి ఇచ్చేసి, బండి ఎక్కాడు. దారిలో టైరు పంచరై, ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది.

ఆయన ఇంటి ముందు షామియానా వేసి ఉంది. అరవై మంది దాకా చేరి, శవం ఆసుపత్రి నుంచి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నారు. కుర్చీలు, పూలదండలు, ఒక మూల ఫాదర్, పక్కన సిస్టర్, చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు కూడా. మాత తన పాత చోటులోనే, అల్మారా మీద కూర్చుని ఉంది. డ్యూటీ నుంచి వచ్చిన ఆరోగ్యమ్మ మొదట ఈ కుర్చీలన్నీ జపమాలకే అనుకుంది. ఎవరో ఆమెను పట్టుకుని ఏడ్చాకే సంగతి తెలిసింది. దివ్య తల్లి ఒడిలో మొహం దాచుకుని, "అబద్ధం సెప్పినందుకే ఇట్లయింది" అని వెక్కుతోంది.

చౌరప్ప బండి ఆపగానే అరవై మంది లేచి నిలబడ్డారు. చావు ఇంటికి వచ్చిన వాళ్లు అంత సంతోషించడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు. ఒక్క జోజప్ప మాత్రం చేతిలోని దండ ఎక్కడ పెట్టాలో తెలియక తన మెడలోనే వేసుకున్నాడు. ఆరోగ్యమ్మ వచ్చి భర్త చొక్కా పట్టుకుంది. కొడుతుందో, కౌగిలించుకుంటుందో ఆమెకే తెలిసినట్టు లేదు.

"మాతను ఎందుకు పంపినావయ్యా? నిజం సెప్పు."

"భయపడి" అన్నాడు చౌరప్ప. అందరికీ వినబడేట్టే అన్నాడు. "జపమాల సెప్పియ్యాలంటే భయపడి. ఇంట్లో దినామూ సెప్పించేది ఆరోగ్యమ్మే, నేను కాదు. నేను వాకిట్లో కూకుంటాను. నా పరువు కాపాడల్లని బిడ్డ ఒక మాట సెప్పింది, ఆ మాట పోకూడదని నేను మాతనే ఇంట్లోంచి పంపిస్తి."

ఫాదర్ గడియారం చూసుకుని అన్నాడు. "జపమాల టైమే అయింది. జనమూ ఉన్నారు. ఇంటిపెద్దా ఉన్నాడు, దేవుని దయ వల్ల. మొదలుపెట్టు చౌరప్పా."

పదిమంది ముందు చెప్పలేక పారిపోయిన మనిషి అరవై మంది ముందు మోకాళ్ల మీద నిలబడ్డాడు. దివ్య కళ్లు తుడుచుకుని పక్కనే మోకరించి, నోటుబుక్కు వెనక అట్ట మీద ఐదు రహస్యాల పేర్లు తన గుండ్రని అక్షరాలతో రాసి ఇచ్చింది. మొదటిది చౌరప్ప అట్ట చూసి తడుముకుంటూ గట్టెక్కించాడు. రెండోది చదివాడు, మరియమ్మ కొండలు దాటి ఎలిజబెతమ్మ ఇంటికి పోవడం. రెండు ముక్కలు చెప్పాలి. ఏం చెప్పాలా అని మాత వైపు చూశాడు, ఆ వెనక నిలబడ్డ మక్బూల్ కనబడ్డాడు.

"ఆ తల్లి ఎవురింటికి పోయినా వాళ్లు మంచిగానే సూసుకున్నారు" అన్నాడు. "ఎత్తుపీట వేసిరి. ఒంటరిగా ఆటోలో కూర్సోబెట్టి తీసుకపోయిరి. మన ఇండ్లకు వచ్చినోళ్లను మనమూ అట్లే సూసుకోవల్ల." మక్బూల్ తల వంచుకున్నాడు.

ఐదోది వచ్చింది. తప్పిపోయిన బాలయేసును దేవాలయంలో కనుగొనడం. చౌరప్ప అట్ట మీంచి తల ఎత్తి దివ్య వైపు చూశాడు. మళ్లీ మరిచిపోయాడని జోజప్ప గొంతు సవరించుకున్నాడు కూడా.

"పొద్దున మా బిడ్డ నన్నొకటి అడిగె" అన్నాడు చౌరప్ప. "ఒక దినమంతా బిడ్డ లేడని అమ్మకూ నాయనకూ ఎట్ల తెలీలేదని. ఇబ్బుడు తెలిసిందమ్మా. అమ్మ నాయన కాడ ఉండాడనుకొనె, నాయన అమ్మ కాడ ఉండాడనుకొనె. నేను మాత మేస్త్రి ఇంట్లో ఉండాదనుకుంటి. ఇంట్లో పార్థన గూడా అంతే, ఆరోగ్యమ్మ కాడ ఉండాదిలే అనుకొని ఇన్నేండ్లు నేను వాకిట్లో కూకుంటి." ఆ తర్వాత పది జపాలు ఆయన ఆగకుండా చెప్పించాడు. ఏడుస్తూ చెప్పించాడు, అయినా ఒక్కటి కూడా తప్పలేదు.

మర్నాటి నుంచి ఇంట్లో జపమాల చౌరప్పే చెప్పించాడు. ఆరోగ్యమ్మ దానితో ఊరుకోలేదు. మక్బూల్‌తో సున్నం వేస్తున్నానని చెప్పిన మాట అబద్ధంగా మిగలకూడదని, బకెట్టూ కుంచే తెచ్చి చేతిలో పెట్టింది. వారమంతా ఆయన మిల్లు నుంచి రాగానే గోడలకు చారలు చారలుగా సున్నం వేశాడు.

శనివారం చర్చిలో పాపసంకీర్తనం వరసలో దివ్య దిగాలుగా నిలబడి ఉంది. వెనకే తండ్రి ఉన్నాడు. ఆమె నోటుబుక్కులో ఉన్న ఒక్క వాక్యం కొట్టేసి ఉంది.

"నువ్వు దినామూ సెప్పిస్తాండావు గదా నాయనా. నా అబద్ధం నిజమై కూకుండె. ఇబ్బుడు ఫాదర్‌కు ఏం సెప్పల్ల?"

వరస ఒక్కో అడుగే ముందుకు జరుగుతోంది. తన వంతు వచ్చేసరికి దివ్య మొహం ఒక్కసారిగా వెలిగింది. గబగబా ఒక వాక్యం రాసుకుంది.

"దొరికింది నాయనా! నువ్వు సున్నం బాగా ఏసినావని మొన్న సెప్పినా గదా."