ఎయికిచి నేర్పిన నాలుగక్షరాలు

జపాన్ ఆడవాళ్లు మొదటిసారి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయబోతున్న 1946 ఏప్రిల్‌లో, పోలింగ్ ముందురోజు ఉదయం ఎయికిచి బడి నుంచి తన ఇంటికి నల్లబల్ల మోయించుకొచ్చాడు. ఆ రేవు వాడకు పెద్ద ఆయనే. ఓటుచీటీ మీద అభ్యర్థి పేరు చేత్తో రాయాలి. చేపలు ఎండబెట్టే ముసలమ్మలు ముప్ఫై మందికి అక్షరం ముక్క రాదు. వాళ్లచేత తన పేరు రాయిస్తే రేషన్ ఆఫీసులో ఉద్యోగం ఇప్పిస్తానని ఎన్నికల్లో నిలబడ్డ కురహాషి ఎయికిచికి మాటిచ్చాడు.

"భయపడకండి, నాలుగే అక్షరాలు. ఇదిగో, నా పేరూ నాలుగే!" అంటూ ఎయికిచి వాకిట్లో చేరిన ముసలమ్మలకు ముందుగా తన పేరు రాసి చూపించాడు.

అంతలో వీధిలో చిలగడదుంపల బండి వచ్చిందని కేక. ఆయన లేనిదే పంపకం మొదలవదు. దుంపల ధ్యాసలో కురహాషి పేరు రాయనేలేదని మరిచిపోయాడు. "దీన్నే దిద్దుతూ ఉండండి!" అని పరుగెత్తాడు.

టీ తెచ్చిన ఆయన భార్య, పేరు నుయి, బల్ల చూసి, బండి దగ్గరికి ఉరికింది.

"ఏవండీ, ఆ బల్లమీద..."

"ఎలక్షన్ల సంగతి నీకేం తెలుసే? వెళ్లి పొయ్యి చూసుకో!"

నుయి వెళ్లి పొయ్యి చూసుకుంది.

సాయంత్రం ఆ ముసలమ్మల్లో ఒకుమె అనే అవ్వ ఎదురొచ్చింది. "వచ్చేసిందయ్యా! కళ్లు మూసుకుని రాసేస్తా." ఎయికిచి మురిసిపోయాడు.

లెక్కింపులో కురహాషి ఇరవై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయాడు. చెల్లని చీటీల్లో ముప్ఫైటి మీద ఒకటే పేరు: ఎయికిచి.

కురహాషి ఇంటిమీదికొచ్చాడు. "నా సారా తాగి నాకే ఎసరు పెట్టావా? పార్లమెంటు నీకు కావాల్సొచ్చిందా?"

"అయ్యా, ఒట్టు, నాకేం తెలీదు..." అని ఎయికిచి కాళ్లమీద పడబోయేసరికి ముసలమ్మలందరూ ఎండుచేపల బుట్టతో గుమ్మంలోకి వచ్చారు. "గెలిచావా అయ్యా? ఒక్కరం తప్పకుండా నీ పేరే రాశాం!" అంది ఒకుమె.

కురహాషి బుట్టను తన్ని వెళ్లిపోయాడు. ఉద్యోగం ఆయన వెనకే వెళ్లిపోయింది. ముసలమ్మలు తమ తప్పేమిటో తెలియక, నేలమీది చేపలు ఏరుకున్నారు.

ఎయికిచి చివరికి భార్యవైపు తిరిగాడు. "నువ్వయినా ఆయన పేరు రాశావా?"

"మన అబ్బాయిని యుద్ధానికి పంపినరోజు రైలుస్టేషన్లో జెండా ఊపి, చావడం గొప్పరా అని అరిచింది ఆయనే. ఆయన పేరు రాస్తానా?"

"మరి ఎవరికి వెయ్యాలనిపించింది నీకు?"

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ఆమె అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. ఓటు రహస్యమని దాచకుండా ఆమె చెప్పింది.