తొమ్మిదణాల సీటు

ఆ ఉదయం చెంగల్రాయుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. తిరుపతి కాలేజీలో కొడుకు ధనంజయ దరఖాస్తు ఇవ్వాలి, మధ్యాహ్నం బొగ్గుతో నడిచే బస్సుకు వడమాలపేట చేరాలి, అంతే. వడమాలపేట బడిపంతులైన ఆయన ఎవరికి సీటు వస్తుందో అణాల్లో లెక్కకట్టి చెప్పడంలో దిట్ట. మార్కులకు ఆరణాలు, సిఫారసుకు ఏడణాలు, దేవుడి దయకు మూడణాలు. కొడుకు మార్కులకు లోటు లేదు గానీ సిఫారసు చేసే నాథుడు లేడు. దేవుడి మూడణాలైనా చేజారకూడదని ముందురోజే వాణ్ని అలిపిరి మెట్లెక్కించి, కొండమీద గుండు కొట్టించాడు.

"సీటు వచ్చినాక కదయ్యా మొక్కు తీర్చేది?" అని బయల్దేరేటప్పుడు భార్య రాఘవమ్మ అడగనే అడిగింది.

"ముందే ఇచ్చేస్తే దేవుడికైనా మొగమాటం ఉంటాది లే" అన్నాడు.

అయినా ఎటు కూడినా తొమ్మిదణాలే. కాలేజీ వరండాలో గుమాస్తా పెంచలయ్య ముందు నలభైమంది తండ్రులు వరసకట్టి ఉన్నారు. "తండ్రి లేని పిల్లోళ్లను మా ప్రిన్సిపాలు ముందు సూస్తాడప్పా" అని పెంచలయ్య ఎవరితోనో అంటున్న మాట చెంగల్రాయుడి చెవిన పడింది. కాసేపటికి వీళ్ల వంతు వచ్చింది. పెంచలయ్య ధనంజయ గుండును జాలిగా చూశాడు.

"ఏమప్పా, మొక్కా, కర్మా?"

మొక్కు అనడానికి ఎంతసేపు! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. లేని ఏడణాల సిఫారసు గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది. చెంగల్రాయుడు తల దించుకున్నాడు.

"అయ్యో పాపం! నువ్వేమవతావు?"

"మేనమామను. మునస్వామి అంటారు." మునస్వామి ఆయన బావమరిది. అక్షరం ముక్క రాని సేద్యగాడు.

"నాయనా!" అన్నాడు ధనంజయ బిత్తరపోయి.

"సూడు, నాయనను తలుసుకుంటా ఉండాడు" అని పెంచలయ్య కళ్లు తుడుచుకుని, దరఖాస్తులో చెంగల్రాయుడి పేరు ముందు ఎర్రసిరాతో 'కీర్తిశేషులు' అని చేర్చి, గార్డియను గడిలో మునస్వామి పేరు రాశాడు. "ఏం జబ్బు?"

"జరం."

"మంచోడేనా?"

చెంగల్రాయుడు కాస్త ఆలోచించి, "పరవాలేదు" అన్నాడు.

వరసలో వెనకనున్న నాయుడుపేట ఎల్లప్ప ముందుకు తోసుకొచ్చాడు. ఎవరు పోయినా తనకో పరిచయం ఉండి తీరాలి ఆయనకు. "వడమాలపేట పంతులా? నాకు బాగా తెలుసబ్బా! బంగారమట్లా మనిషి. ఆయన సేతి దెబ్బ తిన్నోళ్లంతా ఆఫీసర్లయినారు!"

బతికుండగా చెంగల్రాయుణ్ని అంత మాట ఎవరూ అన్న పాపాన పోలేదు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. అది చూసి వరండా అంతా ముక్కులు ఎగబీల్చింది. ఆ సందడికి ప్రిన్సిపాలే బయటికొచ్చి, పిల్లవాడి గుండు నిమిరి, "వీళ్లమ్మకు నేనే ఉత్తరం రాస్తాను" అన్నాడు. నిజం చెప్పేద్దామనుకున్నాడు చెంగల్రాయుడు. సిగ్గేసి, కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

బస్సులో ధనంజయ తండ్రి పక్కన కూర్చోలేదు. ఇల్లు చేరాక కూడా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

వారానికి కార్డు వచ్చింది. కవరైనా బాగుండేది. పోస్టుమాన్ శాంతయ్య దారిపొడుగునా చదువుకుంటూ వచ్చి, పంతుల్ని తలనుంచి కాళ్లదాకా చూసి, కార్డు రాఘవమ్మకిచ్చాడు.

"నీకేనమ్మా. పంతులు సేతనే సదివించుకో" అని కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

చెంగల్రాయుడు అందుకున్నాడు. "చెంగల్రాయుడు గారి భార్య రాఘవమ్మ గారికి..."

"ఒక మాట వదిలిపెట్టినావు నాయనా." వెనకనుంచి కార్డులోకి చూస్తూ, వారం తర్వాత కొడుకు ఆయనతో అన్న మొదటి మాట అది.

ఇక తప్పలేదు. "కీర్తిశేషులు చెంగల్రాయుడు గారి భార్య రాఘవమ్మ గారికి. మీ అబ్బాయికి సీటు ఇచ్చాము. ఇందులో మా దయ ఏమీ లేదు. వచ్చిన దరఖాస్తులన్నింటిలో మార్కుల్లో అతనే మొదటివాడు. ఇంత బాగా చదివించిన తండ్రి ఈ రోజు చూడలేకపోవడమే విచారం."

పదహారణాలూ కొడుకే సంపాదించి పెట్టాడు. వాటికోసం తాను అనవసరంగా చచ్చాడు. వాడి మొహం చూడలేక చెంగల్రాయుడు కార్డుకేసే చూస్తూ నిలబడ్డాడు.

ధనంజయ కాలేజీ వరండాలో జరిగిందంతా తల్లికి చెప్పేశాడు. రాఘవమ్మ చెయ్యి నుదుటి మీదికి పోయింది. "ఈ బొట్టు చెరిపి సీటు తెచ్చినావా? మేనమామగా పోయినావు కదా, రేపు నాయనగా పొయ్యి నిజం చెప్పిరా. సీటు పోతే పోనీ."

మర్నాడు చెంగల్రాయుడు ప్రిన్సిపాలు ముందు నిలబడి జరిగిందంతా చెప్పాడు. జీవితంలో ఎన్నో తలలు బల్లమీద వంచించినవాడు, ఆ పూట తన తల ఎత్తలేకపోయాడు. ప్రిన్సిపాలు ఆ దరఖాస్తు తెప్పించి ముందు పెట్టుకున్నాడు.

"సీటు మార్కులకిచ్చాం, అది ఎక్కడికీ పోదు. మీ పేరు ముందున్న మాట కొట్టేయిస్తాను. గార్డియను పేరు మాత్రం మునస్వామి అనే ఉండనీండి. ఆయన ఇంతవరకూ నాతో అబద్ధం చెప్పలేదు."

అప్పటినుంచి కాలేజీ ఉత్తరాలన్నీ మునస్వామి పేరనే వచ్చేవి. చదువురాని మునస్వామి వాటిని బావ చేత చదివించుకుని, ఆనక మేనల్లుడి చేత ఇంకోసారి చదివించుకునేవాడు.