యలమంద నాలుక

ప్రత్తిపాడులో యలమంద ఉండే వీధిలో ఎవరు పండుమిరప పచ్చడి నూరినా ముందు ఆయన్నే పిలవాలి. ఆయన వేలితో ఇంత తీసి నాలుకకు రాసుకుని "ఉప్పు సరిపోయింది" అంటేనే జాడీకి మూత పడుతుంది. చేలో పంట పోయినా ఓర్చుకుంటాడు గానీ ఈ పరువు పోతే ఓర్చుకోలేడు. అందుకే తనకు బీపీ వచ్చిందనీ, డాక్టరు మాట మీద రెండు నెలలుగా చప్పిడి కూడు తింటున్నాననీ భార్య సుబ్బరావమ్మకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

ఆ ఉదయం సర్దార్‌బీ ఇంట్లో ఉప్పు చూసి, అటు నుంచి అటే చేలోకి పోదామనుకున్నాడు. పచ్చడి నాలుకకు తగలగానే మొహం చిట్లించాడు.

"ఏందమ్మా ఇది? ఉప్పు కషాయం."

"ఎప్పుడూ వేసే కొలతే అన్నయ్యా."

"కొలతలు నాకు చెప్పబాక. ఇంకాసిని కాయలు కలుపు."

పాపం, కలిపింది. మళ్ళీ కషాయమే అన్నాడు. ఇంకా కలిపితే జాడీ నిండిపోయి బిందె కూడా తేవాల్సి వచ్చింది. ఇమ్మానియేలు ఇంట్లోనూ ఇదే తీర్పు. చప్పిడికి అలవాటు పడ్డ నాలుకకు మామూలు ఉప్పే ఎక్కువనిపిస్తోందని ఆ మహానుభావుడికి తట్టలేదు. మధ్యాహ్నానికల్లా ఈ ఏడు ఉప్పులోనే ఏదో ఘాటుందని వీధంతా పాకింది. మిగిలినవాళ్ళు ఆయన్ని పిలవకుండానే ఉప్పు సగానికి తగ్గించేశారు.

నెల తిరిగేసరికి ఏ జాడీ చూసినా తెల్లగా బూజు. సర్దార్‌బీ తన జాడీ తెచ్చి ఆయన గుమ్మంలో పెట్టింది.

"నీ నాలుకని నమ్మాను అన్నయ్యా. ఏడాది పచ్చడి పోయింది."

యలమందకు తల కొట్టేసినట్టయింది. బీపీ సంగతి చెప్పబోయి, "ఈ ఏడు ఉప్పే మంచిది కాదమ్మా" అనేశాడు.

మరో నెలకు ఆ వీధిలో మళ్ళీ బీపీ చూసే క్యాంపు పెట్టారు. వచ్చిన నర్సమ్మ పోయినసారి లెక్కలతో పోల్చి చూసి ఆశ్చర్యపోయింది.

"అందరికీ ఇట్టా దిగిందేంటండీ? పచ్చడి తినట్లేదంటున్నారు, ఎవరు మాన్పించారు?"

అందరూ యలమందను చూపించారు. పోయిన పరువు నడిచి వచ్చినట్టయింది ఆయనకు.

"ఆలోచించే చేశానమ్మా" అంటూ దర్జాగా చెయ్యి చాపాడు.

వీధి మొత్తం మీద ఆయనదే ఎక్కువ వచ్చింది.

"ఈయన చెప్పినా మా జాడీలో నేను ఉప్పు తగ్గించలేదమ్మా" అంది సుబ్బరావమ్మ. "మొదట కషాయమన్నారు. వారానికి అలవాటైంది. ఇప్పుడు నేను బయటికి పోతే చాలు, జాడీ దించుతున్నారు."

యలమంద తల దించుకున్నాడు. సర్దార్‌బీ మాత్రం ఆయన వంక చూడనేలేదు.

"అయితే వదినా, మీ పచ్చడికి బూజు పట్టలా?"

"పట్టలా."

సాయంత్రానికి వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడింది. వరస చివర నర్సమ్మ కూడా ఉంది.