తొలి లబ్ధిదారు గోవిందమ్మ

"దవాఖాన నుంచి ఇంటికి పోయే ఏ ముసలి ప్రాణమూ ఇకమీదట బక్కచిక్కి ఉండదు" అని మంత్రిగారు ప్రకటించారు. గుడ్లు, పాలపొడి, పల్లిపట్టీలతో 'బలవర్ధిని' కిట్టు. దవాఖాన ఎదురుగా చాయ్ హోటల్ నడుపుకునే నేను కూడా చప్పట్లు కొట్టాను.

తొలి లబ్ధిదారుగా గోవిందమ్మ ఎంపికైంది. దేవరకొండ అవతల గొర్లు కాసుకునే మనిషి, డెబ్బై రెండేళ్లు. నిమోనియా తగ్గింది, ఒంట్లో ముప్పై ఒక్క కిలోలు మిగిలాయి. ఇంత అర్హత గల మనిషి జిల్లాలో మరొకరు లేరని పథకం అధికారి నాగేందర్ గారు మురిసిపోయారు.

సోమవారం ఆమెను డిశ్చార్జి చేశారు. మంత్రిగారు గురువారం గాని రారు కనుక మంచం మీదే ఉంచారు. మధ్యాహ్నం అన్నం బండి ఆ మంచం దాటి వెళ్లిపోయింది.

మనవరాలు శోభ నాగేందర్ గారి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "సార్, మా అవ్వకు బువ్వ పెట్టలే."

"డిశ్చార్జి అయినోళ్లకు డైట్ రాదమ్మా. రూల్."

"గట్లయితే ఇంటికి తోల్కపోత."

"తోల్కపోతే మంత్రిగారి ముంగట ఎవరు కోలుకుంటరు?"

శోభ జొన్న గట్క తెచ్చింది. నాగేందర్ గారు గిన్నెకు మూత పెట్టించారు. "జర ఆగు బిడ్డా, 'బిఫోర్' ఫోటో పాడైతది." వార్డులో చాయ్ పోస్తున్న నాకు ఆయన ముందుచూపుకు ఒళ్లు పులకరించింది. ఆయన అటు తిరగగానే శోభ దొంగతనంగా రెండు ముద్దలు పెట్టింది. ప్రజల్లో క్రమశిక్షణ లేదు.

గురువారం మంత్రిగారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, గంటన్నర మాట్లాడి, గోవిందమ్మ చేతిలో గుడ్డు పెట్టారు. ఆమె వెంటనే నోటికి ఎత్తుకోబోయింది.

"ఆగవ్వా, డ్రోన్ ఇంక లేవలే!" నాగేందర్ గారు చెయ్యి పట్టుకున్నారు.

డ్రోన్ లేచింది. గోవిందమ్మ పడిపోయింది.

మళ్లీ వార్డులోకి మోసుకెళ్లారు. శోభ ఏడుస్తూ కిట్టు తీసుకోబోతే నాగేందర్ గారు పక్కకు జరిపారు.

"కిట్టు డిశ్చార్జి అయినోళ్లకే. మీ అవ్వ ఇప్పుడు అడ్మిట్."

"మరి అడ్మిట్ అయినోళ్లకు బువ్వ పెడ్తరా?"

"రేపటి లిస్టుల ఎక్కిస్త."

శోభ ఏడుపు ఆగిపోయింది. సెలైన్ బాటిల్ ఖాళీ కాగానే అవ్వను వీపున ఎత్తుకొని వెనక గేటు నుంచి ఆటో ఎక్కించింది. దారి పొడవునా గట్క తినిపిస్తూనే ఉందని ఆటో నడిపిన భిక్షం చెప్పాడు.

శుక్రవారం పొద్దున్నే నాగేందర్ గారు నా హోటల్‌కు ఉరికొచ్చారు. "అవ్వేది? ఆదివారం మంత్రిగారు మళ్ల వస్తున్నరు. నిన్న వీడియో సక్కగ రాలే!"

"నాకు తెల్వదు సార్."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "నీకు అరవై దాటినయా? బరువెంత ఉంటవ్?"

నేను లోపలికి జరిగి షట్టర్ దించుకున్నాను.